చల్లపల్లికి డీజిలు, గుణదలకు పెట్రోలు

కారు కొనడానికి వచ్చినవాళ్లను మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? పదిహేను వందలు దాటితే డీజిలు, దాటకపోతే పెట్రోలు. డీజిలు బండి ధర లక్షన్నర ఎక్కువ, మైలేజీ కూడా ఎక్కువే కాబట్టి బాగా తిరిగేవాళ్లకు ఆ లక్షన్నర ఎప్పటికైనా గిట్టుబాటవుతుంది. తిరగనివాళ్లకు కాదు. ఇందులో తల బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు. ఈ ప్రశ్న మాకు ట్రైనింగులో నేర్పించారు. మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చున్నప్పుడు అడగొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా పేరు జుబియా. ఎనికేపాడు దగ్గర హైవే మీదున్న ఒక కార్ల షోరూములో సేల్సులో చేరి అప్పటికి ఐదు నెలలైంది. ఆరు నెలల ప్రొబేషను, ఆరు బళ్లు అమ్మాలి. ఐదు అమ్మాను. ఆరోది ఆగస్టు ముప్పై ఒకటి లోపల షోరూము గేటు దాటితే నేను పర్మనెంటు. దాటకపోతే మళ్లీ వన్‌టౌన్‌లో ముస్తాక్ మామూ జిరాక్సు షాపే గతి. ఆ షాపులో రెండేళ్లు నిలబడ్డాను. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులన్నీ రెండు వైపులా చూసేశాను. మామూ మంచివాడే, ఎప్పుడొచ్చినా పని ఇస్తానంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. షోరూములో అయితే రోజుకు నాలుగుసార్లయినా స్టీరింగు ముందు కూర్చోవచ్చు. అక్కడ కూర్చున్నప్పుడు నాకు నేను నచ్చుతాను.

పోతే, నాకు కోపం ముక్కు మీదుంటుంది. మా అమ్మ ఖుర్షీదా ఈ సంగతి పది మందికీ చెప్పి పెట్టింది. అమ్మకాల ఉద్యోగానికి అది పనికిరాదు కాబట్టి రోజూ పొద్దున కోపాన్ని స్కూటీ డిక్కీలో పెట్టి, తాళం వేసి లోపలికి వెళ్లేదాన్ని.

ఆగస్టు మొదటి ఆదివారం సాంబశివరావు గారూ రమాసుందరి గారూ వచ్చారు. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ మాచవరంలో హైస్కూలు లెక్కల టీచరు, ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఇల్లూ అక్కడే. డబ్బు సిద్ధంగా ఉంది, లోను అక్కర్లేదు, మోడల్ కూడా ఇంట్లో అనుకునే వచ్చారు. ఇలాంటి కస్టమర్లు దొరకడం అదృష్టమని మా మేనేజరు కిరీటి గారు అద్దాల గదిలోంచే నాకు సైగ చేశారు. నేను కాఫీ తెప్పించి, చక్కగా నవ్వి, ఆ ప్రశ్న అడిగాను.

"రెండు వేలు," అన్నారాయన.

"నూట యాభై," అన్నారావిడ.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి కాఫీ కప్పులు కింద పెట్టారు. ఒకే ఇంట్లో, ఒకే బండికి ఇంత తేడా ఎలా వచ్చిందా అని నేను అమాయకంగా అడిగాను. వచ్చిన తిప్పలన్నీ అక్కణ్ణుంచే.

సాంబశివరావు గారికి ఒక్కతే చెల్లెలు, పేరు జ్ఞానేశ్వరి, ఉండేది చల్లపల్లిలో. మాచవరం నుంచి పోను అరవై రెండు, రాను అరవై రెండు. కారంటూ కొన్నాక ప్రతి ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్లాలని ఆయన కోరిక. నెలకు అది ఐదు వందలే, మిగతా పదిహేను వందలూ ఆయన ఉత్సాహం. పైగా ముప్పై ఏళ్లు ఆఫీసు జీపులో కాలవగట్ల వెంబడి తిరిగిన మనిషి. ఇంజను దడదడలాడకపోతే బండి నడుస్తోందని ఆయనకు నమ్మకం కుదరదు. రమాసుందరి గారికీ ఒక్కతే చెల్లెలు, పేరు రామతులసి, ఉండేది గుణదలలో. పోను రెండున్నర, రాను రెండున్నర. రోజూ సాయంత్రం బడి అయ్యాక అక్కడికి వెళ్లి రావాలని ఆవిడ కోరిక.

ఆయన డిక్కీ కొలుచుకోవడానికి లేచినప్పుడు ఆవిడ నా వైపు వంగి అసలు సంగతి చెప్పారు. డీజిలు కొంటే అది చల్లపల్లి బండే అవుతుందట. లక్షన్నర ఎక్కువ పెట్టాం కదా, వసూలు కావాలి కదా అని ప్రతి ఆదివారం బయల్దేరదీస్తారట. అక్కడ ఆయన మడతమంచం మీద పడుకుంటే, ఈవిడ ఆడపడుచు వంటింట్లో కూర్చుని గోంగూర వలవాలట. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆయన వంగి తన సంగతి చెప్పారు. పెట్రోలు కొంటే బండి గుణదల దాటదట. లోపల అక్కాచెల్లెళ్లు సీరియల్ చూస్తుంటే వాకిట్లో ఈయన కారుకు కాపలా కాయాలట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి ఇంకా యార్డులో ఉండగానే దాని సాయంత్రాలూ ఆదివారాలూ అన్నీ పంచేసుకున్నారు.

ఆ రోజు రెండు బళ్లూ ఎక్కించి తిప్పాను. డీజిలు బండిలో ఆయన కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు విన్నారు. పెట్రోలు బండిలో ఆవిడ కళ్లు మూసుకుని, ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. ఆలోచించుకుని చెబుతామని వెళ్లిపోయారు. ఆ వారమంతా పొద్దున ఆయన ఫోను, సాయంత్రం ఆవిడ ఫోను. ఎవరి బండి మంచిదో రెండోవాళ్లకు నేను నచ్చజెప్పాలి. కిరీటి గారేమో వచ్చేపోయేటప్పుడు నా బల్ల మీద వేలితో కొట్టి, క్లోజ్ చెయ్ జుబియా, క్లోజ్ చెయ్ అనేవారు. తలుపైతే క్లోజ్ చేసేదాన్ని.

చివరికి నాకే ఒక గొప్ప ఉపాయం తట్టింది. చెరో పుస్తకం పెట్టుకోండి, పద్నాలుగు రోజుల పాటు నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాయండి, ఇరవై నాలుగో తారీకు ఆదివారం తీసుకురండి, లెక్క దానంతటదే తేలిపోతుంది అన్నాను. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడే అనుమానించి ఉండాల్సింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"చూడమ్మా, నేను సాంబశివరావు గారి చెల్లెల్ని, చల్లపల్లి నుంచి. మా అన్నయ్యకి డీజిలు బండి అమ్మొద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

జ్ఞానేశ్వరి గారు బ్యాంకులో క్లర్కు. లంచి టైములో చేశారు. డీజిలు గురించి నన్నడిగి తెలుసుకుని గట్టిగా వాదించమని అన్నయ్యే నా కార్డు ఇచ్చారట. తొమ్మిది రోజుల్లో ఆయన ఏడుసార్లు బస్సెక్కి చల్లపల్లి వచ్చారు. పుస్తకంలో కిలోమీటర్లు పడాలి కదా. ఊరికే వచ్చి కూర్చున్నా బాగుండేది. ఒకరోజు బావి మోటారు మోత వస్తోందని విప్పారు. ఇంకో రోజు వచ్చి బిగించారు. ఆ మర్నాటి నుంచి మోతా లేదు, నీళ్లూ లేవు. ఈమెకు వారమంతా బ్యాంకు, ఉన్నది ఒక్క ఆదివారం. తలంటుకుని మధ్యాహ్నం దాకా పడుకోవడం ఆమెకు ఏళ్ల నాటి అలవాటు. బండి లేకుండానే ఇలా ఉంటే, ఇక బండి వస్తే ఎలా అని భయం పట్టుకుంది.

"అన్నయ్యంటే నాకు ప్రాణమేనమ్మా," అన్నారావిడ. "అయితే మాత్రం, ప్రాణం వారం వారం ఇంటికొచ్చి కూర్చుంటే ఎట్లా చెప్పు."

మర్నాడు పొద్దున్నే గుణదల నుంచి రామతులసి గారి ఫోను. ఆవిడ నన్ను బతిమాలింది అచ్చంగా దానికి తలకిందులు. అక్కకి పెట్రోలు అమ్మొద్దంది. వాళ్లాయనది రైల్వేలో నైట్ డ్యూటీ, సాయంత్రం ఏడింటి దాకా పడుకోవాలి. అక్క ఐదింటికే వచ్చేస్తుంది. వచ్చింది వచ్చినట్టుండదు, తొమ్మిదో తరగతి చదివే మేనకోడలికి లెక్కలు చెబుతుంది. ఇప్పుడా పిల్ల గేటు చప్పుడు వినగానే బాత్రూములో దూరి గడియ పెట్టుకుంటోందట. డీజిలు కొంటే ఆదివారాలైనా అక్క చల్లపల్లి పోతుందని, దొడ్డ బండి కాబట్టి రోజూ తీయడానికి బద్ధకిస్తుందని ఈవిడ ఆశ. నేను చెప్పానని అక్కకు చెప్పొద్దు, చాలా బాధపడుతుంది అంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కిరీటి గారికి చెబితే, ఎవరి సంగతీ ఎవరికీ చెప్పకు, ముందు సంతకం పెట్టించు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజం చెబితే బేరం పోతుంది, బేరం పోతే జిరాక్సు షాపు. నోరు మూసుకోవడం కన్నా నాకు కష్టమైన పని లేదు గానీ, ఆ నాలుగైదు రోజులూ మూసుకునే ఉన్నాను.

ఇరవై నాలుగో తారీకు ఆదివారం నలుగురూ వచ్చారు. ఆయన తన పక్షాన చెప్పడానికి చల్లపల్లి నుంచి జ్ఞానేశ్వరి గారిని రప్పించారు. అలా ఆమెకు ఆ ఆదివారం కూడా పోయింది. రమాసుందరి గారు తన పక్షాన రామతులసి గారిని వెంటబెట్టుకొచ్చారు. చెల్లెళ్లిద్దరూ నన్ను చూడగానే చూపు తిప్పుకుని, గోడ మీద ఇన్సూరెన్సు పోస్టరు చదవడం మొదలుపెట్టారు.

పుస్తకాలు బల్ల మీదికొచ్చాయి. ఆయనది అట్ట వేసిన పొడుగు పుస్తకం, ఆఫీసు భాషలో రాశారు. సోమవారం, చెల్లెలికి కాకరకాయలు అందజేయు నిమిత్తం చల్లపల్లి, నూట ఇరవై నాలుగు. బుధవారం, సోమవారం మరచిన సంచి తెచ్చుకొను నిమిత్తం చల్లపల్లి, నూట ఇరవై నాలుగు. గురువారం, సదరు సంచి చెల్లెలిదేనని తేలినందున వాపసు చేయు నిమిత్తం చల్లపల్లి, నూట ఇరవై నాలుగు. పద్నాలుగు రోజుల్లో పన్నెండు ప్రయాణాలు. ఆవిడది పిల్లల కోరా నోటుబుక్కు. బడికి నడక, సున్నా. కూరగాయలు వీధిలోకే వచ్చాయి, సున్నా. గుణదల, ఐదు. రోజూ అంతే. బ్యాంకుకు వెళ్లాల్సిన పని కూడా ఆవిడ వాయిదా వేసుకున్నారని తర్వాత తెలిసింది. అక్కడ రెండు కిలోమీటర్లు పడిపోతాయని.

ఆయనది పద్నాలుగు వందల ఎనభై ఎనిమిది, ఆవిడది డెబ్బై. కిరీటి గారు పెద్దమనిషి తరహాగా కాలిక్యులేటరు తీశారు. రెండూ నెలకు లెక్కేసి, కలిపి, సగటు తీశారు. పదిహేను వందల యాభై ఎనిమిది వచ్చింది. గీత మీద యాభై ఎనిమిది ఎక్కువ. సాంబశివరావు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. రమాసుందరి గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నోటిలెక్క వేసి, ఆ సంచి మర్చిపోకపోతే పదమూడు వందల పదే వచ్చేదనీ, మర్చిపోయిన సంచి కోసం లక్షన్నర పోసి డీజిలు కొనడం తనకు ఇష్టం లేదనీ అన్నారు. టీచరు కదా, లెక్క తప్పలేదు.

అప్పుడాయన చెల్లెలి వైపు తిరిగి నువ్వు చెప్పు అన్నారు. జ్ఞానేశ్వరి గారు పోస్టరు మీంచి చూపు తీయకుండానే, నీకు పెట్రోలే మేలన్నయ్యా అన్నారు. రమాసుందరి గారు తన చెల్లెలి వైపు తిరిగారు. రామతులసి గారు చున్నీ అంచు పట్టుకుని, డీజిలే మంచిదక్కా, బావగారు చెప్పిందే కరెక్టు అన్నారు.

ఇప్పుడు అర్థం చేసుకుంటారనుకున్నాను. అర్థం చేసుకున్నారు, కానీ ఎలాగంటే, సాంబశివరావు గారి కళ్లు చెమర్చాయి. వదినకు ఇబ్బంది కాకూడదని తన ఇంటికి రావడాన్నే వదులుకుంటోంది పిచ్చిది, దాని మాట కోసం పెట్రోలే కొంటానన్నారు. రమాసుందరి గారూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. చిన్నప్పటి నుంచీ నా చెల్లెలిది ఇదే గుణం, తనకంటూ ఏదీ అడగదు, దాని మాట కోసం డీజిలే కొంటానన్నారు. ఆయన పెట్రోలంటారు, ఆవిడ డీజిలంటారు. పోట్లాట మళ్లీ మొదలైంది, అదే జోరున, అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు.

డిక్కీలో పెట్టి తాళం వేసిన కోపం ఎలా వచ్చిందో వచ్చేసింది.

"సార్, మేడమ్, వీళ్లేం త్యాగాలు చెయ్యట్లేదు. వాళ్లిళ్లకి మీరెక్కడ వస్తూంటారోనని భయపడి ఇద్దరూ నాకు ఫోన్లు చేశారు. అక్కడ మీ కోసం ఎవరూ ఎదురుచూడట్లేదండీ."

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. కిరీటి గారి చేతిలో కాలిక్యులేటరు అలాగే ఉండిపోయింది. సాంబశివరావు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అంతసేపూ ఆయన ముఖం చూడలేక నేను బల్ల కింద నా చెప్పులు చూసుకున్నాను. చాలా సిగ్గేసింది. నా ఉద్యోగం పోవాల్సిందే అనిపించింది కూడా.

"ఎప్పుడొచ్చినా నవ్వుతూ కాఫీ ఇచ్చేదానివి గదే," అన్నారాయన చెల్లెలితో, మెల్లిగా.

"ఇస్తానన్నయ్యా, ఎప్పుడొచ్చినా ఇస్తాను," అని జ్ఞానేశ్వరి గారు ఏడ్చేశారు. "ఆ ఆదివారం ఒక్కటీ నాకు వదిలెయ్."

రామతులసి గారు అక్క చెయ్యి పట్టుకోబోతే అక్క తీసేసుకున్నారు. ఏదో ఒకటి మాట్లాడకపోతే అందరం అలాగే రాళ్లమైపోయేట్టున్నాం. నా దగ్గర ఉన్నదల్లా కస్టమరు ఫారం, అందులో నాకు తెలిసినదల్లా ఆ ఒక్క ప్రశ్న. దాన్నే కాస్త తిప్పి అడిగాను. వీళ్లిద్దరి ఇళ్లూ తీసేస్తే, మీరిద్దరూ కలిసి ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?

సాంబశివరావు గారు భార్య వైపు చూశారు. పెళ్లయిన ముప్పై ఒక్కేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వాళ్లను అడిగినట్టు లేదు. ఆవిడే చెప్పారు, హంసలదీవి అని. కృష్ణ సముద్రంలో కలిసే చోటు.

"పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగుతున్నాను. అది ఎక్కడ కలుస్తుందో చూడలేదు."

"అదేముంది, నేను ఆరుసార్లు చూశాను, డ్యూటీ మీద," అన్నారాయన అలవాటుగా.

"ఆరుసార్లలో ఒక్కసారీ నువ్వూ రా అనలేదు."

ఆఫీసు జీపు కదా, ఇంట్లోవాళ్లను ఎక్కించకూడదు కదా అని ఆయన అన్నారు గానీ, ఆ మాటకు బలం లేదని ఆయనకే తెలిసింది. ఆవిడ తలవంచుకుని, జీపు మనది కాదు కాబట్టే కారు కొందామన్నాను అన్నారు. మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని ఆయన అడిగితే, మీరు చల్లపల్లి అన్నారు కదా, పోటీకి గుణదల అన్నాను అన్నారు.

సాంబశివరావు గారు కిరీటి గారి వైపు తిరిగి, వచ్చే ఆదివారం హంసలదీవి వెళ్లాలి, ఆ వేళకు ఏ బండి ఇవ్వగలిగితే అదే రాయండి అన్నారు. డీజిలుకు ఆరు వారాలు పడుతుంది. యార్డులో పెట్రోలు బండి ఒకటే ఉంది, ఎవరో బుక్ చేసి వద్దన్న ఇటుక రంగుది. కిరీటి గారు గబగబా ఫారం నింపారు. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.

ముప్పై ఒకటిన పొద్దున తొమ్మిదింటికి బండికి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఫొటో తీశారు. రమాసుందరి గారు ఫ్లాస్కూ, పులిహోర డబ్బా, గొడుగూ సర్దుకుని వెనక సీటులో కూర్చున్నారు. సాంబశివరావు గారు అటువైపు తలుపు తీసుకుని ఆయనా వెనక సీటులోనే కూర్చున్నారు. ఇద్దరూ తలుపులు వేసుకుని ముందుకు చూస్తున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి తాళం చెవి అందించాను. ఆయన అది నాకే ఇచ్చేసి, పోనీ అమ్మా అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వలేదు.

"సార్, మీకు డ్రైవింగు రాదా?"

"జీపుకి డ్రైవరుండేవాడు గదమ్మా," అన్నారాయన. "రమకి స్కూటరే రాదు."

మరి డ్రైవరును పెట్టుకోలేదా అంటే, పెట్రోలా డీజిలా తేలకుండా డ్రైవరునెలా పెట్టుకుంటామమ్మా అని ఆయనే నన్ను ఎదురు అడిగారు. ఇంత పెద్ద నగరంలో, ఇన్ని కార్లు తిరిగే చోట, ఇలాంటి మాట విన్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. గేటు దగ్గర కిరీటి గారు రిజిస్టరు తెరిచి వాచ్‌మన్ పక్కన నిలబడ్డారు. బండి గేటు దాటితేనే డెలివరీ, దాటకపోతే కాదు. నా కళ్ల ముందు మామూ జిరాక్సు షాపు మెదిలింది. నేను ముందు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాను. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. బండి గేటు దాటింది.

రోడ్డు మలుపు దాకా వెళ్లి ఎవరికైనా అప్పగించి వద్దామనే అనుకున్నాను. కానీ అద్దంలో చూస్తే, ఆవిడ గొడుగు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. ఇక ఆపలేకపోయాను. కంకిపాడులో బంకు దగ్గర ఆగితే, గొట్టం పట్టుకున్న మనిషి వంగి పెట్రోలా డీజిలా అని అడిగాడు. సాంబశివరావు గారు భార్యను చూశారు. ఆవిడ ఆయన్ను చూశారు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు.

"ఇంతకీ మనం తీసుకుంది ఏదమ్మా?" అన్నారాయన.

పెట్రోలు అన్నాను. ఓహో అన్నారు. ఆవిడ కూడా, మంచిదే అన్నారు, ఎవరో పక్కింటివాళ్ల బండి గురించి అన్నట్టు.

పామర్రు దాటాక కిరీటి గారు ఫోను చేశారు. రిజిస్టరులో రాసేశారట, రేపటి నుంచి నేను పర్మనెంటట, అభినందనలట. ఆ తర్వాత, అసలు ఎక్కడ చచ్చావు, ఇంకో కస్టమరు కూర్చున్నాడు అన్నారు. కూచిపూడి దగ్గరున్నాను సార్, డెలివరీ ఇస్తున్నాను అన్నాను. రెండు వైపులా నాట్లు పూర్తయిన చేలు, ఏసీ వద్దని ఆవిడ అద్దాలు దించారు. నాకు గట్టిగా పాడాలనిపించింది గానీ కస్టమర్ల ముందు బాగుండదని ఊరుకున్నాను.

చల్లపల్లి సెంటరు రాగానే సాంబశివరావు గారు గొంతు సవరించుకుని, నేరుగా పోనిమ్మన్నారు.

"ఇవాళ ఆదివారం. దాన్ని పడుకోనియ్యమ్మా."

తల మాత్రం చెల్లెలి వీధి వైపే తిప్పి ఉంచారు. నేరుగా పొమ్మన్నది నేనన్న మాట వల్లే. వేగం తగ్గించాను. రమాసుందరి గారు కాసేపు ఆయన తల వెనక భాగాన్ని చూసి, ఎడమకు తిప్పమ్మా అన్నారు. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నారు, నేను తిప్పేశాను. లెక్కల టీచరు చెబితే వినకుండా ఉండే ధైర్యం నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

జ్ఞానేశ్వరి గారి ఇంటి ముందు ఆపాను. లోపల టీవీ చప్పుడు ఠక్కున ఆగిపోయింది. కిటికీ తెర కొంచెం కదిలి, మళ్లీ మూసుకుంది. ఇంట్లో ఎవరూ లేనట్టు నిశ్శబ్దం. సాంబశివరావు గారు సీటులో కిందికి జారిపోయి, పోనీ అమ్మా, పోనీ అని గొణుగుతున్నారు. రమాసుందరి గారు ఆయన మీద నుంచి వంగి, కిటికీలోంచి తల బయటపెట్టి, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో అన్నారు.

"జ్ఞానేశ్వరీ, మేం లోపలికి రావట్లేదు. నువ్వే బయటికి రా. సముద్రం దాకా వెళ్లొద్దాం."

మెల్లిగా తలుపు కొద్దిగా తెరుచుకుంది. తలనిండా నూనెతో, నైటీ మీద తువ్వాలు కప్పుకుని జ్ఞానేశ్వరి గారు మా ముగ్గుర్నీ ఒక్కొక్కర్నే చూశారు. ఒకరు కూడా దిగలేదని నిర్ధారించుకున్నాక ముఖం విప్పారింది.

"ఐదు నిమిషాలాగు వదినా, తల కడుక్కొస్తాను," అన్నారు.

నలభై నిమిషాలు పట్టింది. ఎండెక్కింది, సీట్లు కాలాయి, బావి మోటారు ఈసారి బాగానే మోత పెడుతోందని సాంబశివరావు గారు రెండుసార్లు తలుపు మీద చెయ్యి వేశారు. రెండుసార్లూ రమాసుందరి గారు ఆ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఎవ్వరం దిగలేదు.